కుడి పక్కన పడిన పువ్వు

అక్కయమ్మ పెళ్ళయి చింతామణికి వచ్చిన నాటినుంచి పాతికేళ్ళ పాటు, ఆ ఇంట్లో తెల్లవారి మొదటి పని టీ పెట్టడమే. ఇంట్లోవాళ్ళకు కాదు. చుట్టుపక్కల పల్లెల్లో రాత్రి ఎవరి బోరు మోటారు కాలినా, ఆ రైతు దాన్ని పైకి లాగించి, టెంపోలో వేసుకొని, అయిదు గంటలకల్లా వాళ్ళ వాకిట్లో నిలబడేవాడు. ఆమె భర్త మునినారాయణ కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టేవాడు. బాగేపల్లి రోడ్డులో వాళ్ళ ఇల్లే వాళ్ళ అంగడి. ముందు వసారాలో పని, వెనక రెండు గదుల్లో కాపురం.

“సాయంత్రానికి కావల్లప్పా, టమాటా వాడిపోతాండాది” అనేవాడు వచ్చినవాడు.

“ముందు టీ తాగు. మోటారు కాలింది గానీ నువ్వు కాలలేదు గదా” అనేవాడు మునినారాయణ.

లోపల అక్కయమ్మ ఎన్ని గొంతులు వినపడితే అన్ని లోటాల నీళ్ళు గిన్నెలో పోసేది. ముఖం చూడకుండానే, దగ్గును బట్టి, చెప్పుల చప్పుడును బట్టి, వచ్చింది ఏ ఊరివాడో చెప్పేది.

ఇప్పుడు ఆమె నాలుగు గంటలకే లేస్తోంది. టీ గిన్నె అటకమీద ఉంది. కూతురు సహనకు మధ్యాహ్నం డబ్బా కట్టడం ఇప్పటి మొదటి పని. కోలారు దిక్కున ఉన్న ఒక ఫ్యాక్టరీ బస్సు అయిదున్నరకు రోడ్డు కలిసే క్రాసులో వచ్చి నిలబడుతుంది. అర నిమిషం ఆగుతుంది. సహన మెడలో కార్డు, చేతిలో డబ్బా, సగం నిద్ర. వాకిలి దాటేటప్పుడు “వస్తానమ్మా” అంటుంది. “జాగ్రత్త” అంటుంది అక్కయమ్మ. ఆ ఇద్దరి మధ్య ఇప్పుడు రోజుకు నాలుగు మాటలుంటే, అందులో రెండు ఇవే.

బిడ్డ రోజూ ఇంటికి తిరిగి వస్తోంది. కళ్ళ ముందే ఉంటోంది. అక్కయమ్మ దేవుణ్ణి అడిగింది కూడా అదే.

*

బోరులో దిగే మోటారు పొడుగ్గా, ఇనుప గొట్టంలా ఉంటుంది. దాని లోపల పొడవునా ఇరవై నాలుగు సన్నటి గాడులు. ప్రతి గాడిలోనూ ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగను ఒక్కొక్క చుట్టుగా దూర్చాలి. ఇది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఇటు కూర్చున్నవాడు తీగను దూరిస్తే, అటు కూర్చున్నవాళ్ళు అందుకొని, మెల్లగా లాగి, ఇంకో గాడిలోనుంచి తిరిగి పంపాలి. గట్టిగా లాగితే తొడుగు గీసుకుపోతుంది. గీత పడిన చోట నీళ్ళు తగిలాయంటే, మోటారు వారం కూడా ఆడదు.

పెళ్ళయిన మొదటి ఏడు, అటువైపు కూర్చునే పనివాడు ఒకరోజు రాలేదు. మునినారాయణ వంటింటి దిక్కు చూసి, “ఇట్ల వచ్చి కూర్చో. నేను పంపినది పట్టుకొని మళ్ళీ పంపు, అంతే” అన్నాడు. ఆ తర్వాత ఆయన పనివాణ్ణి పెట్టుకోలేదు. వంట, గిన్నెలు అయ్యాక అక్కయమ్మ చెయ్యి తుడుచుకొని వచ్చి అటువైపు కూర్చునేది. మాటలతో పని ఉండేది కాదు. ఆయనకు ఆకలయితే తీగ తొందరగా వచ్చేది. ఎవరిమీదనైనా కోపంగా ఉంటే బిగువుగా వచ్చేది. అది చూసి ఆమె చేతిని ఇంకొంచెం మెత్తగా చేసుకునేది.

ఆమె చదివింది నాలుగో తరగతి. బాగేపల్లికి అవతల, పుట్టిన పల్లెలో, కన్నడ బడిలో. బస్సు బోర్డు చదువుతుంది. ఇంగ్లీషు కాగితం చేతికొస్తే, తలకిందులుగా పట్టుకోకుండా ముందు ముద్ర ఎక్కడుందో చూసుకుంటుంది.

ఒక్కతే కూతురు సహన. చిన్నప్పుడు ఇద్దరి మధ్య చాపమీద కూర్చొని చుట్లు లెక్కపెట్టేది. అలా లెక్కపెట్టీ పెట్టీ చిక్కబళ్ళాపురంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరింది. రోజూ బస్సులో పోయి వచ్చేది. సాయంత్రం చెప్పులు విడవకముందే తండ్రి అడిగేవాడు: “ఈ పొద్దు ఏమి నేర్చినావు?” ఆ పిల్ల చెప్పేది. ఆయనకు సగం తెలిసేది కాదు, అయినా తల ఊపేవాడు.

ఒకసారి సహనే తండ్రిని అడిగింది. “నాయినా, ఈ మోటారు మనం పోయిన నెల చుట్టిందే గదా. మళ్ళీ ఎందుకు కాలింది?”

మునినారాయణ చాలాసేపు ఆ నల్లబడిన తీగను వేళ్ళతో నలిపి చూశాడు. “కాలినదాన్ని చుట్టేది నాకు తెలుసు పాపా. కాలకుండా చేసేది నాకు తెలీదు. అది చదివినోళ్ళ పని. నువ్వు నేర్చుకొని వచ్చి నాకు చెప్పు.”

ఆయన ఆ మాట అని మరిచిపోయాడు. ఆ పిల్ల మరిచిపోలేదు.

ఆయన పోయి ఏడాదిన్నర దాటింది. సహన అప్పుడు మూడో ఏడు చదువుతోంది. ముత్యాలప్ప అనే రైతు మోటారు చుడుతున్నారు. పద్నాలుగు గాడులు నిండాయి. పదిహేనో దానిలో తీగ అందుకొని అక్కయమ్మ లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. ఫోను ఎత్తినాడేమో, ఇంకో చేత్తో పట్టుకున్నాడేమో అనుకొని, “వదలండి” అంది. అటునుంచి జవాబు రాలేదు. తీగ ఆయన చేతిలో బిగిసి ఉంది.

ఆ మోటారును ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తీగ కొనకు పాత గుడ్డ చుట్టి బల్ల కిందికి తోసింది. అదే వారంలో ముత్యాలప్ప బోరు ఎండిపోయింది. ఆయనా అడగలేదు.

*

పోయిన ఏడు సహన ఇంజనీరింగ్ ముగిసింది. మంచి మార్కులు వచ్చాయి. ఆ తర్వాత రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. ఒకటి, పై చదువుకు రాసిన పరీక్షలో ఎం.టెక్ సీటు. మోటార్లు, మెషీన్ల గురించే రెండేళ్ళ చదువు. కాకపోతే కాలేజీ బెళగావిలో. ఒక రాత్రంతా రైలు. రెండోది, కోలారు దిక్కు ఫ్యాక్టరీలో ట్రైనీ ఇంజనీరు పని. సీటు ఒప్పుకోవడానికి ఆఖరు తేదీ సోమవారం. పనిలో చేరాల్సిందీ ఆ సోమవారమే.

సహన, తనకు కాలేజీలో పాఠం చెప్పిన శశికళ మేడమ్‌కు ఫోన్ చేసింది. అమ్మకు కూడా వినపడాలని స్పీకరు పెట్టింది.

“ఇప్పుడు పోకపోతే మళ్ళీ పుస్తకం పట్టేది కష్టం సహనా” అంది మేడమ్. “నేను మూడేండ్లు పనిచేసి ఆమీట పోయినాను. నా పక్కన కూర్చున్నోళ్ళు నాకంటే చిన్నోళ్ళు. లెక్కలు సగం మర్చిపోయింటిని. నీకు ఏది కావల్లో నీకు తెలుసు. ఊరికే నన్నెందుకు అడుగుతావు?”

ఆ సాయంత్రం ఎదురింటి అమరేష్ వచ్చాడు. ఆ ఫ్యాక్టరీలోనే నాలుగేళ్ళుగా ఇంజనీరు. ఉద్యోగం సంగతి సహనకు చెప్పిందీ అతనే. అరుగుమీద కూర్చొని కాలు ఊపుతూ చెప్పాడు.

“ఎం.టెక్ చేసొచ్చినోళ్ళు ఇద్దరు మా లైన్లో నా కిందే ఉండారత్తా. రెండేండ్లు అనుభవం ఉంటే సర్టిఫికెట్ ఎవురడుగుతారు? ఇప్పుడు కొత్తోళ్ళను తీసుకుంటాండారు. రెండేండ్ల తర్వాత పోతే ఈ పిల్ల కొత్తదీ కాదు, అనుభవం ఉండేదీ కాదు. నడిమధ్య నిలబడతాది.”

“నువ్వు చెప్పేది నిజమేనప్పా” అంది అక్కయమ్మ. పొద్దున మేడమ్ మాట విన్నప్పుడూ ఆమెకు అది నిజమే అనిపించింది. ఎవరు మాట్లాడితే వాళ్ళది నిజమనిపించడమే ఆమెకు భయమేసింది. తీగలో గీత పడితే ఆమె వేలికి తెలుస్తుంది. ఈ మాటల్లో గీత ఎక్కడుందో ఏ వేలితో చూడాలి?

“నువ్వు చెప్పమ్మా. ఏది చెప్తే అది చేస్తా” అంది సహన.

“నాకేమి తెలుసు పాపా. మీ నాయిన ఉండింటే…”

“నాయిన లేడు గదా. నువ్వే ఉండావు.”

సహన అడిగింది తనకు ఏది కావాలో తెలియక కాదు. ఆ పిల్ల ఫోనులో బెళగావి కాలేజీ బొమ్మను మూడుసార్లు తెరిచి చూడటం ఆమె చూసింది. పాత నోటుబుక్కులకు మళ్ళీ అట్టలు వేయడం చూసింది. బిడ్డ అమ్మను అడుగుతున్నది దారి కాదు, పొమ్మనే మాట. అది అక్కయమ్మకు తెలుసు. ఆ ఒక్క మాటే నోట్లోంచి రాలేదు. పగటిపూట ఇంట్లో ఒక్కతే ఉంటే ఆ వసారా ఎంత పెద్దదిగా కనిపిస్తుందో, కాలేజీ రోజుల్లో సాయంత్రం బస్సు దిగి ఆ పిల్ల వచ్చే చెప్పుల చప్పుడు కోసం నాలుగింటినుంచే చెవులు ఎలా కాచుకొని ఉండేవో, ఎవరికి చెప్పుకుంటుంది?

శుక్రవారం ఆమె అంది, “రేపు శనివారం. స్వామి దగ్గర పువ్వు అడిగొస్తాను.”

సహన నవ్వింది. “దేవునికి ఎం.టెక్ అంటే ఏమని తెలుస్తాదమ్మా?”

“నాకంటే ఎక్కువే తెలిసింటాదిలే.”

సహన చేతిలోని ఫోను పక్కన పెట్టింది. దించుకోలేని బరువును ఎవరో వచ్చి పట్టుకుంటామంటే కాదనలేనట్టు, తల ఊపింది. “సరే. నేను చదివేకి పోవల్లా అని అడుగు. కుడి పక్క పడితే పోతా. ఎడమ పడితే బస్సెక్కుతా. ఇంగ ఎవుర్నీ అడిగేది లేదు.”

*

బాగేపల్లి రోడ్డులోనే, ఊరు దాటేచోట చిన్న ఆంజనేయస్వామి గుడి ఉంది. పూజారి నంజప్ప. ఆ దిక్కున పెళ్ళి చూపులకు పోవాలన్నా, బోరు ఎక్కడ వేయాలన్నా, ఆవును అమ్మాలన్నా, అక్కడ పువ్వు అడగనిదే అడుగు ముందుకు పడదు. నంజప్ప తడిపిన చామంతి పూలను స్వామి రెండు భుజాలమీదా అంటిస్తాడు. అడిగేవాళ్ళు ఎదురుగా కూర్చొని, మనసులో మాట అనుకోవాలి. కుడి భుజంమీది పువ్వు ముందు జారితే ఔనని, ఎడమది జారితే కాదని.

దారి పొడుగునా అక్కయమ్మ అడగవలసిన మాటను వల్లె వేసుకుంటూ నడిచింది. సహన చదివేకి పోవల్లా సామీ? సహన చదివేకి పోవల్లా సామీ?

“అనుకోమ్మా మనసులో” అన్నాడు నంజప్ప. “మొక్కు ఏమన్నా ఉంటే అది గూడ చెప్పుకో.”

ఆమె కళ్ళు మూసుకుంది. మూసుకోగానే, అంత దూరం మోసుకొచ్చిన మాట ఎటు పోయిందో పోయింది. బిగిసిన తీగ, ఆ తీగకు అవతల జవాబివ్వని మనిషి గుర్తుకొచ్చాడు. బెళగావి ఎంత దూరమో గుర్తుకొచ్చింది. నా బిడ్డను నా దగ్గరే ఉండనీ సామీ. ఉంటాదా? ఉంటే తొమ్మిది మూరల చామంతి మాల నా చేత్తో కట్టి తెచ్చి వేస్తాను. తొమ్మిది మూరల మాల అన్నది మాత్రం ఆమె పైకే అనేసింది.

అయ్యో, అడగవలసింది ఇది కాదే అని ఆమె కళ్ళు తెరిచేలోపల కుడి భుజంమీది పువ్వు జారి, స్వామి పాదాల పక్కన పడింది.

నంజప్ప గంట కొట్టాడు. “కుడి పక్కే ఇచ్చినాడమ్మా. ఆలస్యం గూడ చెయ్యలేదు. ఇట్ల ఇచ్చేది అరుదు.”

“ఇంగొకసారి అడగొచ్చునా అప్పా?”

“ఇచ్చినాక మళ్ళీ అడిగితే నమ్మకం లేనట్టు గదా. అడగల్లంటే వచ్చే శనివారం రా. ఈ మొక్కు మాత్రం మర్చిపోవద్దు.”

వచ్చే శనివారానికి ముందే సోమవారం ఉంది.

ఇంటికి వచ్చేసరికి సహన వాకిట్లోనే నిలబడి ఉంది. “ఏ పక్క పడింది?”

కుడి పక్క అంటే బిడ్డ వెళ్ళిపోతుంది. కానీ స్వామి కుడి పక్క ఇచ్చింది బిడ్డ వెళ్ళడానికి కాదు, ఉండడానికి. ఎడమ పక్క అంటే అబద్ధం. నేను వేరే మాట అడిగినాను అంటే, ఏమి అడిగినావంటుంది. అది చెప్పాక ఆ పిల్ల పోగలదా? అక్కయమ్మ కుంకుమ పొట్లం విప్పింది. సగం చీరమీద ఒలికింది.

సహన ఆ ముఖం చూసింది. “ఎడమేనా?”

అక్కయమ్మ కూతురి నొసట కుంకుమ పెట్టింది. ఔననలేదు. కాదనలేదు.

“సరేలే” అంది సహన. లోపలికి పోయి, ఎండలో ఆరేసిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో బట్టనూ రెండుసార్లు విప్పి మళ్ళీ మడిచింది.

ఆదివారం ఆ పిల్ల సరుకుల అంగడికి పోయి వచ్చింది, మధ్యాహ్నమంతా గోడకు ఆనుకొని కూర్చుంది. సోమవారం తెల్లవారుజామున కొత్త డబ్బా తీసుకొని బస్సెక్కింది. ఆ రోజు సాయంత్రం అయిదింటికి బెళగావి సీటు వేరే ఎవరికో పోయింది.

*

ఫ్యాక్టరీలో సహన పని ఏమిటో అక్కయమ్మకు నెల తర్వాత తెలిసింది. ఎనిమిది గంటలు నిలబడాలి. ముందర పట్టామీద చిన్నచిన్న సర్క్యూట్ పలకలు కదిలిపోతూ ఉంటాయి. భూతద్దంలోంచి చూసి, బాగుంటే పచ్చ చుక్క, బాగాలేకపోతే ఎర్ర చుక్క అంటించాలి. ఎర్ర చుక్క పడిన పలకకు ఏమయిందో, ఎందుకు చెడిందో చూసేవాళ్ళు వేరే. వాళ్ళు పైఅంతస్తులో ఉంటారు.

“మొదట అందరికీ అంతేనత్తా” అన్నాడు అమరేష్. “నేను గూడ ఏడాదిన్నర చుక్కలే పెట్టినాను. అనుభవం ఇట్లనే వస్తాది.” అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. చేరేవాళ్ళ దగ్గర మూడేళ్ళు వదిలి పోకూడదని కాగితం రాయించుకుంటారని ముందే చెప్పడం మాత్రం అతనికి గుర్తు రాలేదు. సహన చదవకుండా సంతకం పెట్టలేదు. చదివే పెట్టింది.

ఒక సాయంత్రం అక్కయమ్మ, ఆయన అడిగినట్టే అడిగి చూసింది. “ఈ పొద్దు ఏమి నేర్చినావు పాపా?”

“నిలబడేది నేర్చినానమ్మా” అంది సహన, కాళ్ళు చాపుకొని. నవ్వే అంది. అక్కయమ్మ మళ్ళీ అడగలేదు.

అట్టలు వేసిన నోటుబుక్కులు టీ గిన్నె పక్కన అటక ఎక్కాయి. సహన వస్తుంది, తింటుంది, పడుకుంటుంది. ఆ పిల్ల నిద్రపోతుంటే అక్కయమ్మ పక్కన కూర్చొని పాదాలకు నూనె రాస్తుంది. దగ్గరే ఉంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. అయినా ఆ పిల్ల ఎక్కడికో పోయినట్టే ఉంది. ఎక్కడికని అడగడానికి ఊరు పేరు కూడా లేదు.

నంజప్ప దారిలో కనపడితే అడుగుతున్నాడు. “ఏమమ్మా, స్వామి మాల కోసం ఎదురు చూస్తాండాడు.” ఆమె సంతకు పోయే దారి మార్చుకుంది.

*

ఈసారి వానలు బాగా పడ్డాయి. ముత్యాలప్ప బోరులో మళ్ళీ నీళ్ళు వచ్చాయి. ఒక శనివారం ఆయన వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

“నా మోటారు ఉండాదా అమ్మా, పాత ఇనుమోడికి ఏసేసినారా?”

“ఉండాదప్పా. బల్ల కింద.”

“వేరే వాళ్ళకు ఇయ్యబుద్ధి కాలేదు. ఆయన చెయ్యి పడింది.” ఆయన వంగి బల్ల కిందికి చూశాడు. “మీ పాప ఇంజనీరయింది గదా. ఆమె, నువ్వు కలిసి ముగించండి.”

అప్పుడే సహన బస్సు దిగి వచ్చింది. ముత్యాలప్ప ఆమె మెడలోని కార్డును చూశాడు. “ఏమి అమ్మణ్ణీ, ఇంగా పెద్ద చదువు చదువుతావని మీ నాయిన చెప్తాండె. మాస్టరు డిగ్రీ అంట. నేను అడిగితి, ఇస్కూలు మాస్టరయ్యేకి అంత చదువు ఎందుకప్పా, మా ఊరి మాస్టరు పదో తరగతితోనే పిల్లోళ్ళను కొడతాండె గదా అని.”

సహన నవ్వింది. చాలా రోజులకు నోరారా నవ్వింది. “రేపు సెలవు. చుట్టిస్తాములే తాతా” అంది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ మోటారును వసారాలోకి లాగారు. అక్కయమ్మ తన చోట, అటువైపు కూర్చుంది. సహన తండ్రి చోట కూర్చుంది. గుడ్డ విప్పితే తీగ కొన కొత్తదానిలానే మెరుస్తోంది. సహన దూర్చింది. అక్కయమ్మ అందుకుంది. మెత్తగా వచ్చింది తీగ. ఆయనకంటే మెత్తగా.

పదిహేను నిండింది. పదహారు. పదిహేడు. గొట్టానికి ఆ కొనన ఉన్న మనిషి ముఖం ఈ కొననుంచి సరిగా కనపడదు. అందుకేనేమో, ఏడు నెలలుగా గొంతులో ఉన్నది బయటికొచ్చింది.

“పాపా, ఆ పొద్దు పువ్వు ఎడమ పక్క పడలేదు.”

తీగ ఆగలేదు. అదే వేగంతో వచ్చింది.

“నాకు తెలుసమ్మా.”

“ఎట్ల తెలుసు?”

“మర్నాడు ఆదివారం అంగడికి పోతే నంజప్పతాత కనపడినాడు. మీ అమ్మకు స్వామి కుడి పక్క ఇచ్చినాడు, తొమ్మిది మూరల మాల మొక్కుకునింది, గుర్తు చెయ్యమ్మా అన్నాడు.”

అక్కయమ్మ చేతిలో తీగ నిలిచిపోయింది. ఆదివారం అంటే సోమవారానికి ముందు. “అయితే ఇంగా టైము ఉండె గదా. ఎందుకు పోలేదు?”

సహన అటు కొననుంచి అంది. “కుడి పడినాక గూడ నువ్వు చెప్పలేదంటే, నువ్వు అడిగింది నా చదువు కాదు. ఏమి అడిగింటావో తెలిసినాక, నేను ఎట్ల పోయేదమ్మా?”

“నన్ను కోప్పడొచ్చు గదా.”

“కోపమేమీ లేదు. లాగు, తీగ మెలి పడతాది.”

అక్కయమ్మ లాగింది. తనను ఆ పిల్ల తిట్టి ఉంటే, ఏడ్చి ఉంటే, కాళ్ళు పట్టుకొనైనా తప్పు దిద్దుకునేది. తిట్టని బిడ్డ దగ్గర ఏమి దిద్దుకుంటుంది? “ఇప్పుడు పోయేకి అయితాదా? ఈ ఏడు మళ్ళీ పరీక్ష రాస్తే?”

“మూడేండ్లని రాసిచ్చినా గదా. ఆమీట చూస్తాములే.” ఎప్పటికీ చెయ్యని పనుల గురించి ఎవరైనా చెప్పే గొంతుతోనే చెప్పింది. “పద్దెనిమిదైంది. లెక్క పెట్టుకుంటాండావా?”

చీకటి పడకముందే ఇరవై నాలుగూ నిండాయి. ముత్యాలప్ప టెంపోతో వచ్చేసరికి వాళ్ళు మోటారును నీళ్ళ తొట్టిలో ముంచి, తీగ కొనకూ నీళ్ళకూ మధ్య టెస్టు బల్బు తగిలించారు. తీగలో ఎక్కడైనా గీత ఉంటే బల్బు వెలుగుతుంది. ముగ్గురూ తొట్టి చుట్టూ వంగి చూశారు. వెలగలేదు. ఎక్కడా ఒక్క గీత లేదు.

“తండ్రి చెయ్యే వచ్చింది” అన్నాడు ముత్యాలప్ప. మోటారు ఎక్కించాక, టెంపోలోంచి ఒక గోనెసంచి నిండా చామంతులు దించాడు. “మా తోటవే. దేవునికి పెట్టుకోండి.” తర్వాత సహన దిక్కు తిరిగి అడిగాడు. “అమ్మణ్ణీ, నువ్వు ఇంజనీరు గదా. చుట్టేది మీ నాయిన గూడ చుట్టినాడు, ఇది మూడుసార్లు కాలింది. ఈసారి కాలకుండా ఉండేకి ఏమన్నా చెయ్యరాదా?”

సహన చేతులు తుడుచుకుంటోంది. తుడుచుకుంటూనే చెప్పింది.

“కాలినదాన్ని చుట్టేది నాకు తెలుసు తాతా. కాలకుండా చేసేది నాకు తెలీదు.”

తండ్రి మాటనే అన్నానని ఆ పిల్లకు తెలుసో తెలియదో, ముఖం చూస్తే చెప్పలేం. అక్కయమ్మ గోడకు ఆనుకుంది. ఆ మాటలో మిగిలిన సగం కోసం, చదివినోళ్ళ పని అనే ఆ సగం కోసం, ఆమె చెవులు ఎదురు చూశాయి. అది రాలేదు. టెంపో వెళ్ళిపోయింది.

సహన సంచి మూతి విప్పి పూలను చూసింది. “తొమ్మిది మూరలకు సరిపోతాయమ్మా. మొక్కు తీర్చేసుకో. దేవుని బాకీ ఎందుకు?”

మర్నాడు పొద్దున బస్సు వచ్చింది. “వస్తానమ్మా” అంది సహన. “జాగ్రత్త” అంది అక్కయమ్మ. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి, సంచిలోని పూలను తడిగుడ్డమీద పోసింది. అరటినార నానబెట్టి ఉంది. పూలు ఇంకా గట్టిగా, పచ్చగా ఉన్నాయి. కూర్చుంటే ఒక గంట పని. నంజప్ప ఎనిమిదింటికి గుడి తీస్తాడు.

స్వామి మాట తప్పలేదు. అడిగింది అడిగినట్టే ఇచ్చాడు. మాల వేస్తే, ఇచ్చినందుకు సంతోషమని చెప్పినట్టు.

ఆమె రెండు పువ్వులు తీసి నారమీద పెట్టింది. ముడి వేయడానికి వేలు వంచింది. తర్వాత పూలను మళ్ళీ రాశిలో కలిపేసి, ఖాళీ వసారాలో, అటువైపు తన చోట పోయి కూర్చుంది. ఎనిమిదైంది. గుడి గంట వినపడింది. తడిగుడ్డ ఆరింది, నార ఆరింది. ఆమె మాల కట్టలేదు.